చెప్తూ ఉండు

ఈ దేశంలో కారు నడపడం నేర్చుకోవాలంటే ముందు నోరు తెరవాలి. స్టీరింగు, క్లచ్చి, గేర్లు అన్నీ ఆ తర్వాత. కంటికి కనబడిందల్లా పైకి చెప్పాలి. ముందు లారీ ఉంది, బ్రేకు లైటు వెలిగింది. కుడివైపు సైకిల్ వస్తోంది. బస్సు ఆగింది, దాని చాటు నుంచి ఎవరైనా పరిగెత్తుకు రావచ్చు. పరీక్ష రోజున కూడా ఇదే తంతు. మనం ఏం చూస్తున్నామో పక్కన కూర్చున్న ఆఫీసరుకి తెలియాలంటే మనమే చెప్పాలి. చెప్పనిది చూడనట్టే లెక్క.

ఈ సంగతి ఇంట్లో చెప్పగానే మా ఆయన, "అయితే నువ్వు పాసైపోయినట్టే," అన్నారు. పెళ్ళయిన ఇన్నేళ్ళకి నా నోటికి దొరికిన మొదటి సర్టిఫికెట్టు అది.

నాకు పాఠాలు చెప్పేది ఒక పెద్దావిడ. రిటైరయ్యేదాకా సిటీ బస్సు నడిపిందట. ఆవిడకి ఇంట్లో మేం బస్సమ్మ అని పేరు పెట్టుకున్నాం. మనిషి కూడా బస్సులాగే ఉంటుంది. తొందరపడదు, ఎవరి కోసమూ దారి మార్చుకోదు. ఆవిడ కారులో పక్క సీటు కింద కూడా ఒక బ్రేకు ఉంటుంది. లైసెన్సు రానివాళ్ళు అలాంటి కారులో తప్ప ఇంకే కారులోనూ స్టీరింగు ముట్టుకోకూడదని ఇక్కడి చట్టం. కాలేజీకి స్కూటీ మీద వెళ్ళిన రోజుల్లో తీసుకున్న లైసెన్సు నా దగ్గర భద్రంగా ఉంది. దాన్ని లైసెన్సు ఆఫీసులో చూపిస్తే, ఎవరిదో పెళ్ళి ఫొటో చూసినట్టు చూసి, నవ్వి, తిరిగిచ్చేశారు.

"ఇంట్లో కూడా సాధన చెయ్యి అమ్మాయ్," అంది బస్సమ్మ. "మీ ఆయన నడుపుతుంటే పక్కన కూర్చుని చెప్తూ ఉండు. విసుక్కుంటాడు. అందరు మొగుళ్ళూ విసుక్కుంటారు. పట్టించుకోకు."

మా ఆయన విసుక్కోలేదు. అక్కడే నాకు అనుమానం రావలసింది.

ఆయనది లిఫ్టులు బాగుచేసే ఉద్యోగం. కంపెనీ ఇచ్చిన కారులో పనిముట్ల పెట్టె వేసుకుని రోజంతా ఈ బిల్డింగు నుంచి ఆ బిల్డింగుకి తిరగాలి. "జనాన్ని పైకి పంపించే ఉద్యోగం," అని ఆయన జోకు. పెళ్ళిచూపుల్లో మొదటిసారి విన్నాను, ఇప్పటికీ వింటూనే ఉన్నాను. కారు నడపకపోతే ఆ ఉద్యోగం లేదు. ఉద్యోగం లేకపోతే ఈ దేశంలో ఉండటానికి మాకు పర్మిట్ లేదు. ఈ మూడూ ఒకదానికొకటి తగిలించిన గొలుసు. అప్పట్లో దాని గురించి ఆలోచించే అవసరం నాకు రాలేదు.

శనివారం సరుకులకి వెళ్తూ మొదలుపెట్టాను. తెలుగులోనే.

"ముందు తెల్ల వ్యాను. నెమ్మదిస్తోంది. ఎడమవైపు పిల్లల బండి తోసుకుంటూ ఒకావిడ. సిగ్నల్ పచ్చగా ఉంది, చాలాసేపట్నుంచి ఉంది, మారొచ్చు."

"అమ్మ రేడియో పెట్టింది నాన్నా," అంది వెనక సీట్లోంచి మా పాప. దానికి ఎనిమిదేళ్ళు.

"మీ అమ్మ రేడియోకి ఆపే బటన్ ఉండదే. నేనెప్పుడో వెతికాను," అన్నారాయన.

వెళ్తూ చెప్పాను, వస్తూ చెప్పాను. ఆ పై వారం కూడా చెప్పాను. ఒకసారి దారిలో చెప్తూ చెప్తూ మధ్యలో ఆగిపోయాను.

"ఏం, ఆపేశావ్?" అన్నారు.

"గొంతెండిపోయింది."

"నీళ్ళు తాగు. తాగి చెప్తూ ఉండు. వింటుంటే నాకు బాగుంది."

నా మాటలు వింటుంటే బాగుందని మా ఆయన అనడం! ఆ సాయంత్రం అడక్కుండానే రెండో కాఫీ ఇచ్చాను.

ఇంట్లో అప్పటికే కొన్ని జరుగుతున్నాయి. వాటన్నిటినీ నేను ఆయన పరధ్యానం ఖాతాలో రాసుకున్నాను. గదిలోంచి గదిలోకి వెళ్తూ భుజం గుమ్మానికి కొట్టుకునేవారు. భోజనాల బల్ల అంచున పెట్టిన గ్లాసు మోచేతికి తగిలి పడిపోయేది. పాప పక్కనుంచి వచ్చి నోట్సు చూపిస్తే ఉలిక్కిపడేవారు. ఒకరోజు మెట్ల దగ్గర కింది ఇంటి వదిన పలకరిస్తే, పక్కనుంచే చూడకుండా వెళ్ళిపోయారట. "మీ ఆయనకి ప్రమోషనేమైనా వచ్చిందా?" అని అడిగింది వదిన నన్ను. రాలేదని చెప్పాను. నమ్మలేదు.

మరో శనివారం, సాయంత్రం వేళ, సరుకులతో తిరిగి వస్తున్నాం. సంచిలోంచి నూనె సీసా జారి నా కాళ్ళ దగ్గరికి దొర్లింది. వంగి తీసుకుని, మూత ఊడిందేమోనని చూసుకుని తలెత్తాను. ముందు తెల్ల చారల మీద చేతికర్రతో ఒక ముసలాయన రోడ్డు దాటుతున్నాడు. ఎడమవైపు నుంచి బయల్దేరి దాదాపు మా కారు ముందుకి వచ్చేశాడు. మా కారు అప్పటిదాకా ఎంత వేగంగా వెళ్తోందో ఇప్పుడూ అంత వేగంగానే వెళ్తోంది. మా ఆయన ముఖం చూశాను. ప్రశాంతంగా ఎదురుగా చూస్తున్నారు.

"మనిషి," అన్నాను.

బ్రేకు పడింది. సంచులన్నీ ముందుకొచ్చాయి. ముసలాయన మా బానెట్ మీద అరచెయ్యి ఆనించి, పశువుని నిమిరినట్టు ఒకసారి నిమిరి, మా ఇద్దర్నీ చూసి, కర్ర ఆనించుకుంటూ వెళ్ళిపోయాడు.

మా ఆయన నా వైపు తిరిగారు. ఆయన గొంతులో కోపం లేదు. నిష్ఠూరం ఉంది.

"నువ్వు చెప్పలేదుగా," అన్నారు.

ఇంటికొచ్చాక పాపని టీవీ ముందు కూర్చోబెట్టి, ఆయన్ని వంటింట్లోకి పిలిచి, స్టూలు మీద కూర్చోమన్నాను. ఎదురుగా నిలబడి చేతిలోకి గరిట తీసుకున్నాను.

"కొడతావా ఏంటి?"

"నా ముక్కు వంకే చూడండి. గరిట కనబడగానే చెప్పండి."

చెయ్యి బాగా పక్కకి చాపి నెమ్మదిగా లోపలికి తెచ్చాను. భుజం దాటింది. ఆయనేమీ అనలేదు. నా చెవి దగ్గరికి వచ్చింది. ఇంకా ఏమీ అనలేదు. నా చెంపకి చల్లగా తగిలాక, "ఆఁ, ఇప్పుడు," అన్నారు. రెండోవైపు కూడా అంతే.

"ఎప్పట్నుంచి?"

"తెలీదు. కొంతకాలంగా గోడలు దగ్గరికి జరిగినట్టుంటుంది. లిఫ్టు తలుపు మూసుకుంటున్నట్టు."

"సోమవారం డాక్టరు దగ్గరికి వెళ్దాం."

"ఇక్కడ కంటి డాక్టరు నాకు చెప్పేలోపు లైసెన్సు ఆఫీసుకి చెప్తాడు. అది వాళ్ళ రూలు. మా కంపెనీ స్టోర్సులో పనిచేసే అతను పొద్దున కళ్ళజోడు కోసమని వెళ్ళాడు, సాయంత్రం బస్సులో ఇంటికెళ్ళాడు. నెల తిరక్కుండా పెట్టేబేడా సర్దుకుని దేశం దాటాడు." ఆయన గరిట నా చేతిలోంచి తీసుకుని గట్టు మీద పెట్టారు. పెట్టేముందు గట్టు ఎక్కడుందో చేత్తో తడిమారు. "వెనక్కెళ్ళి ఏం చేస్తాం చెప్పు. అక్కడ కంపెనీ మూతపడితేనేగా ఇటొచ్చాం."

"ఎవరైనా చచ్చిపోతే?"

"నీకు లైసెన్సు రానీ. వచ్చిన రోజే తాళం నీ చేతికిచ్చేస్తా. వర్క్‌షాపులో కూర్చుని చేసే పని దొరికేదాకా నన్ను నువ్వే తిప్పుదువుగాని. అప్పటిదాకా నాకు కొంచెం టైమివ్వు."

ఇచ్చాను. ఇవ్వకుండా ఉండటానికి నా దగ్గర ఏం ఉందని.

పాపని మాత్రం కారు ఎక్కించనన్నాను. స్కూలు ఆయన వెళ్ళే దారిలోనే ఉంది. రోజూ పొద్దున ఆయనే దింపేవారు. నేను దాన్ని బస్సులో తీసుకెళ్ళడం మొదలుపెట్టాను. ఒక బస్సు దిగి ఇంకో బస్సు ఎక్కాలి. రెండోది తన ఇష్టం వచ్చినప్పుడు వస్తుంది. పాప రోజూ ఆలస్యంగా వెళ్ళడం, స్కూలువాళ్ళు ఫోన్ చెయ్యడం. చివరికి పాపే మొండికేసింది.

"నేను నాన్నతోనే వెళ్తా."

"బస్సులో కిటికీ సీటు ఇస్తున్నానుగా."

"నాకొద్దు. నాన్న ఒక్కడే వెళ్తున్నాడు."

"నాన్న పెద్దవాడే."

"నాన్నతోనే వెళ్తా," అని చెప్పులేసుకుని వెళ్ళి కారు దగ్గర నిలబడింది. బతిమాలినా, కసిరినా కదల్లేదు. బద్ధకం అనుకున్నాను. పెద్ద రోడ్డు ఎక్కననీ, సందుల్లోంచి నడక వేగంతో వెళ్తాననీ మా ఆయన నా నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టేశారు.

అప్పట్నుంచి పొద్దున వాళ్ళ కారు మలుపు తిరిగాక గిన్నెలు తోముకునేదాన్ని, కుళాయి సన్నగా తిప్పుకుని. నీళ్ళు ధారగా వదిలితే ఆ చప్పుడులో సైరన్ వినబడదని. స్కూలు దగ్గర దింపాక ఆయన ఒక మిస్డ్ కాల్ ఇచ్చేవారు. అది వచ్చాకే స్టవ్ వెలిగించేదాన్ని. సైరన్ వచ్చిన రోజుల్లో, అది ఎటు పోతోందో తేలేదాకా, చేతిలో ఉన్న గిన్నెనే మళ్ళీ మళ్ళీ తోమేదాన్ని. మా ఇంట్లో గిన్నెలు అంత తళతళలాడటం నేనెప్పుడూ చూడలేదు. కింది ఇంటి వదిన ఏం పౌడరు వాడుతున్నావని అడిగింది.

బస్సమ్మని పరీక్ష తేదీ ముందుకి జరపమని పోరుపెట్టాను.

"ఎందుకంత తొందర? ఎక్కడికైనా పారిపోతున్నావా?"

"లేదండీ. ఇంట్లో అవసరం."

"కళ్ళు బాగా చూస్తున్నాయి. నోరు బాగా చెప్తోంది." ఆవిడ నా కాళ్ళ వైపు చూసింది. "కానీ చెప్పేశాక నీ పని అయిపోయినట్టు కూర్చుంటావేంటి? నేను బ్రేకు మీద కాలు పెట్టడం మూడు పాఠాల నుంచి చూస్తున్నావుగా."

నవ్వేశాను. ఆవిడ నవ్వలేదు. అయినా తేదీ ఇప్పించింది.

పరీక్ష రోజున స్కూలుకి సెలవు. ముగ్గురం మా కారులోనే బయల్దేరాం. దారంతా నేను చెప్తూనే ఉన్నాను. వేరే ఏ మాటా లేదు. లారీ, సైకిలు, గుంట, కుక్కని పట్టుకున్న మనిషి, ఎర్ర లైటు. నేను అన్నదల్లా ఆయన కాళ్ళు చేస్తున్నాయి. నేను "ఆగండి," అంటే కారు ఆగుతోంది, "వెళ్ళండి," అంటే వెళ్తోంది. స్టీరింగు ముట్టుకోకుండా కారు నడుపుతున్నది నేనే. లైసెన్సు ఒక్కటే తక్కువ.

పరీక్ష ఆఫీసరు పొడుగాటి మనిషి. ముఖం ఇస్త్రీ చేసి తొడుక్కున్నట్టు ఉంది. బస్సమ్మ కారులో ఆయన నా పక్కన కూర్చున్నాడు, ఆవిడ వెనక కూర్చుంది. వాళ్ళ భాషలో నాకున్న మాటలన్నీ బయటికి తీశాను. కూడలిలో రౌండ్ తిరిగి దాటాను. గుట్ట మీద ఆపి, వెనక్కి జారకుండా బయల్దేరాను. రెండు కార్ల మధ్యలో కారు పెట్టి తీశాను. ఆఫీసరు పెన్ను కదులుతున్నప్పుడల్లా నా చూపు అటు వెళ్ళేది. కానీ అంతా సవ్యంగానే ఉంది. ఇంకో మలుపు తిరిగితే ఆఫీసు గేటు.

దుకాణాల వీధిలోకి వచ్చాం. ఎడమవైపు ఒక సరుకుల వ్యాను ఆగి ఉంది.

"ఆగిన వ్యాను," అన్నాను. "దాని వెనక నుంచి ఒకావిడ రోడ్డు మీదకి దిగుతోంది. రెండు చేతుల్లోనూ సంచులు. ఇటు చూడటం లేదు."

చాలా ముందుగా చెప్పాను. తప్పు లేకుండా చెప్పాను. చెప్పి, కారు నెమ్మదించడం కోసం చూస్తున్నాను. నెమ్మదించడం లేదు. ఆవిడ ఇంకో అడుగు వేసింది. ఆవిడ సంచిలోంచి ఉల్లికాడలు బయటికి కనబడుతున్నాయి. అంత దగ్గరగా వచ్చాం. ఏంటి మా ఆయన ఇంకా బ్రేకు వెయ్యడం లేదు అనుకున్నాను.

కారు ముక్కు కిందికి వంగి ఆగిపోయింది. ఆఫీసరు బూటు తన వైపు బ్రేకు మీద ఉంది. ఉల్లికాడలావిడ మమ్మల్ని ఏదో తిట్టుకుంటూ అవతలికి వెళ్ళింది.

ఆఫీసరు పెన్నుకి మూత పెట్టాడు.

"చూడనివాళ్ళని ఫెయిల్ చేశాను," అన్నాడు. "చూసి కంగారుపడ్డవాళ్ళని ఫెయిల్ చేశాను. మీరు చూశారు, చెప్పారు, చేతులు కట్టుకున్నట్టు కూర్చున్నారు. ఇలాంటిది నేనెప్పుడూ చూడలేదు."

ఆఫీసు ఆవరణలో కారు దిగాక బస్సమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఎవరికి చెప్తున్నావు అమ్మాయ్ నువ్వు? ఇన్నాళ్ళూ నాకనుకున్నాను."

అవతల మా కారు పక్కన మా ఆయన, పాప నిలబడి ఉన్నారు. పాప నన్ను చూసి చెయ్యి ఊపి ఆయన చొక్కా లాగింది. ఆయన నవ్వుతూ చెయ్యి ఊపారు, నేను లేని వైపుకి. బస్సమ్మ అది చూసింది. నా చెయ్యి వదిలేసింది.

మళ్ళీ పరీక్ష చలికాలం దాటాకే అని చెప్పారు. మా ఆయనకి నా ముఖమే చెప్పినట్టుంది.

"పోన్లే. మళ్ళీ రాద్దువుగాని," అని కారు స్టార్ట్ చేశారు. "చెప్పు. వెనక ఎవరైనా ఉన్నారా?"

నేను తిరిగి చూశాను. చూసింది చెప్పడానికి నోరు తెరిచాను. నాకన్నా ముందు వెనక సీటు మాట్లాడింది.

"ఎడమవైపు నీలం కారు వస్తోంది నాన్నా. ఆగు. ఆగు. వెళ్ళింది. ఇప్పుడు రా."

అది ఆడుకునే గొంతు కాదు. అంత చదునైన గొంతు మా పాప నోట్లోంచి నేనెప్పుడూ వినలేదు.

"అమ్మా, నువ్వు కుడివైపు చెప్పు. ఎడమ నేను చూస్తా," అంది. "రోజూ రెండువైపులా నేనే చెప్తున్నా. మెడ నొప్పెడుతోంది."

"నీకెవరు నేర్పారే?"

"నువ్వేగా. శనివారం చెప్తావుగా. నువ్వు లేనప్పుడు నాన్నకి ఎవరు చెప్తారు మరి?" కాసేపు కిటికీ వైపు చూసింది. "బాగానే చెప్తానమ్మా. ఒక్కరోజే మర్చిపోయా."

"ఏమైంది ఆ రోజు?"

"టక్‌మని చప్పుడైంది. నాన్న పిల్లి అన్నాడు. నేను వెనక్కి తిరిగేసరికి సందు తిరిగేశాం."

నేను మా ఆయన వైపు చూశాను. ఆయన స్టీరింగు రెండు చేతులతో పట్టుకుని ఎదురుగా చూస్తున్నారు.

"పిల్లే," అన్నారు.

"దిగి చూశారా?"

"పిల్లే," అన్నారు మళ్ళీ.

నేను తలుపు తీసుకుని దిగి, వెనక తలుపు తీసి పాపని దింపాను. అది నా ముఖం చూసి, తనేదో తప్పు చేసిందనుకుని, చప్పుడు చెయ్యకుండా దిగింది.

"తాళం ఇవ్వండి," అన్నాను కిటికీలోంచి. "బస్సులో వెళ్దాం. ముగ్గురం."

ఆయన జవాబిచ్చేలోపు ఆయన ఫోన్ మోగింది. కంపెనీ నుంచి. విని, "వస్తున్నా," అని పెట్టేశారు.

"లిఫ్టు మధ్యలో ఆగిపోయిందట. లోపల మనిషి ఇరుక్కున్నాడు."

"ఇంకెవర్నైనా పంపమనండి."

"ఏమని చెప్పి పంపమనను?"

"దారిలో మీకెవరు చెప్తారు?"

"తెలిసిన దారే. నెమ్మదిగా వెళ్తా." నేను చాపిన చేతిని చూశారు. చెయ్యి ఎదురుగానే ఉంది, కనబడుతూనే ఉంది. "లైసెన్సు వచ్చిన రోజు ఇస్తానన్నాను," అన్నారు మెల్లగా. కారు అంగుళం అంగుళం వెనక్కి కదిలింది.

నేనూ పాపా గేటు దాటి రోడ్డు పక్కన బస్సు కోసం నిలబడ్డాం. కారు మా వెనకే బయటికొచ్చింది. ఇండికేటర్ వేశారు, పద్ధతిగా రెండువైపులా తల తిప్పి చూశారు. కనబడనివాళ్ళు కూడా తల తిప్పొచ్చు. మా ముందు నుంచే వెళ్ళారు. చెయ్యి చాపితే అద్దానికి తగిలేంత దగ్గర. పాప చెయ్యి ఊపింది. రెండో చెయ్యి కూడా ఎత్తి ఊపింది. ఆయన ఎదురుగా చూస్తూ వెళ్ళిపోయారు. కొంతదూరంలో ఎవరో హారన్ కొట్టారు, పొడుగ్గా.

పాప చేతులు దించింది.

"అమ్మా, మనం కనబడలేదా?"

బస్సు వచ్చింది. ఎక్కలేదు. పాప చెయ్యి పట్టుకుని వెనక్కి, ఆఫీసు మెట్లు ఎక్కాను. లోపల బల్ల దగ్గర ఉన్న గుమాస్తా నన్ను గుర్తుపట్టి, "కొత్త తేదీ కోసమా?" అంది.

"కాదు. ఒకాయన లైసెన్సు గురించి చెప్పాలి. ఆయనకి పక్కలు కనబడవు."

ఆవిడ టైపు చెయ్యడం ఆపింది.

"మీకు ఆయన ఏమవుతారు?"

"మా ఆయన."

ఆవిడ నన్ను చూసింది. బల్ల అంచు పట్టుకుని మునివేళ్ళ మీద నిలబడ్డ పాపని చూసింది. ఫోన్ దగ్గరికి లాక్కుంది.

"ఇప్పుడెక్కడున్నారు ఆయన?"

నేను తలుపు వైపు, బయట రోడ్డు వైపు తిరిగి చూశాను. వాళ్ళ భాషలో, ఆ చదునైన గొంతుతోనే, పాప చెప్పింది.

"రోడ్డు మీద. ఒక్కడే ఉన్నాడు."